ఎదురు బండి రాని దారి

కొర్లగుంటలో సూట్‌కేసుల అంగడి పైన నా గది.
నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్ల పలక,
తలుపు మూసినా లోపలికొచ్చే హారన్లు.

ముగ్గురొచ్చారు.
ఎవరెక్కడ కూర్చోవాలో నేను చెప్పను.
వాళ్లే కూర్చుంటారు, సగం కథ అక్కడే తెలిసిపోతుంది.
ఈ చివర చెంగల్రాయులు, ఆ చివర హంసవేణి,
నడిమధ్య పదకొండేళ్ల లోహిత్,
రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని.

"వీడికి కడుపునొప్పి మేడమ్. మాకేం లేదు."
స్కానింగులు మూడు. మందులు సంచెడు.
తాయెత్తు ఒకటి, ఎవరు కట్టించారో చెప్పలేదు.
"నొప్పి ఎప్పుడొస్తుంది?" అన్నాను.
"నాయన డ్యూటీ దిగినాక" అన్నాడు వాడు,
టైం టేబుల్ చదివినట్టు.

ఆయన కొండ బస్సు డ్రైవరు. పద్నాలుగేళ్లు.
ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు.
"ఎదురు బండి రాదు మేడమ్, అదొక్కటే నిమ్మళం."
ఆ మాట రాసుకున్నాను.
ఇల్లూ అట్లే నడుపుతున్నాడు.
ఆమె లేచేసరికి ఆయనుండడు,
ఆయన తినేసరికి ఆమె గోడవైపు తిరిగుంటుంది.
మలుపుల్లో హారన్‌కి బదులు వీడు:
"మీ నాయనకి చెప్పరా, గ్యాస్ అయిపోయిందని."
"మీ అమ్మకి చెప్పరా, జీతం ఇంకా పడలేదని."
ఎన్ని మాటలు మోశాడో,
కడుపులో ఎక్కడో దించుకున్నాడు.

"ఆయన నోరు తెరవడు, అందుకే నేను అరుస్తా."
"ఆమె అరుస్తాది, అందుకే నేను నోరు తెరవను."
మొదట ఎవరు?
చాలా ఏళ్లు నేనూ ఆ ప్రశ్నే అడిగి జనాన్ని పంపేశాను.
గానుగెద్దును అడగండి, ఏ అడుగు మొదటిదో.

రెండోసారి పలక మీద గీశాను.
మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి గుండ్రం,
పోయినవాళ్ల మీద కొట్టివేత,
కొట్లాటకి వంకర గీత.
"ఘాట్ రోడ్డు మాదిరి ఉండాదే" అని నవ్వాడు చెంగల్రాయులు.
నగరిలో వాళ్ల నాయన చదరం, వాళ్లమ్మ గుండ్రం.
మధ్యలో ఏ గీత గీయమంటావంటే
మార్కర్ తీసుకున్నాడు. గీయలేదు.
"మరమగ్గాల మోత మేడమ్. మాట వినపడదు.
మగ్గం కాడ నాయన, పొయ్యి కాడ అమ్మ.
ఈడిది ఆడికి, ఆడిది ఈడికి
నేనే పరిగెత్తేటోణ్ణి.
మోత ఆగినాక కూడా..."
అంతే. మార్కర్‌కి మూత పెట్టి, తీసి, పెట్టి.
హంసవేణి అప్పుడు చూసింది ఆ ముఖాన్ని,
ఎక్కడో చూసినట్టు,
పక్క కుర్చీలో చూసినట్టు.

పిల్లోణ్ణి కిటికీ దగ్గరికి మారమన్నాను.
ఖాళీ అయిన కుర్చీని ఎవరూ జరపలేదు.
ఆరోజుకి అది చాలు.

మూడు వారాలకి నొప్పి తగ్గింది.
తగ్గిన రాత్రే ఇంట్లో పెద్ద గొడవ:
గిన్నెలు, పాత అప్పులు, ఆడబిడ్డ పెళ్లిలో ఎవరో అన్న మాట.
హంసవేణి మూడుసార్లు లేచి వాడి పొట్ట తడిమిందట,
"నొప్పిగా లేదా నాయనా? నిజంగా?"
కాలు బాగైనా
కుంటినడకకి అలవాటుపడిన ఇల్లు
ఆ కుంటినే వెతుక్కుంటుంది.
వాడు "లేదు" అని అటు తిరిగి పడుకున్నాడు.
ఇన్ని పుస్తకాలు చదివిన నేను
మా అమ్మతో ఇప్పటికీ ఆ మాట అనలేదు.

నిన్న మళ్లీ వచ్చారు.
"మీ అమ్మకి చెప్పరా" అని అలవాటుగా మొదలుపెట్టాడు.
మధ్యలో ఎవరూ లేరు.
వాడు కిటికీ దగ్గర బస్సులు లెక్కపెడుతున్నాడు.
గొంతు సవరించుకుని, మొదటి గేరులో,
ఆమెతోనే:
"పులుసులో ఉప్పు ఎక్కువైంది."
"తెలుసు. నేనూ తిన్నా కదా."
ఇద్దరూ బ్రేకు మీద కాలు పెట్టినట్టు కూర్చున్నారు.

లోహిత్ నావైపు తిరిగాడు.
"మేడమ్, ఇంక నేనేం జెయ్యాల?"

కింద అంగడివాడు షట్టర్ దించుతున్నాడు.
ఆ చప్పుడు ఆగేదాకా ఆగి
"ఎన్ని బస్సులైనాయి?" అన్నాను.